జారింది టైరు, నింద వడ్ల మీద

నా కారు గంటకు రెండు వందల నలభై కిలోమీటర్లు పోతుంది. జనగామలో నేను ఈ మాట చెప్పని టీ దుకాణం లేదు. విననివాడు ఎవడైనా మిగిలి ఉంటే వాడు చెవిటివాడై ఉండాలి, లేదా నేను మొదలుపెట్టకముందే లేచి వెళ్లిపోయినవాడై ఉండాలి. నిజం ఏమిటంటే, మీటరు మీద రాసి ఉన్న చివరి అంకె రెండు వందల నలభై. ముల్లు తొంభై దాటడం నేనెన్నడూ చూడలేదు. తొంభై దగ్గర కూడా నా కళ్లు మీటరు మీద లేవు. భయంతో రోడ్డుకు అతుక్కుని ఉన్నాయి. పక్కన కూర్చున్న మా ఇంటామె తర్వాత చెబితే తెలిసింది.

ఎర్ర కారు. రెండే తలుపులు. కింద కూర్చున్నట్టే కూర్చోవాలి, లేచేటప్పుడు ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. ఇరవై ఏళ్ల పాతది. భూపాలపల్లిలో బొగ్గు గనికి మట్టి తోలే కాంట్రాక్టరు ఒకాయన మోజుపడి కొన్నాడు. ఆ గతుకుల మీద దాని కడుపు రాసుకుపోతుంటే చూడలేక షెడ్డులో పడేశాడు. నేను రిటైరైన రోజున నా పనితనం మెచ్చి దాన్ని నాకు బహుమానంగా ఇచ్చాడని చెబుతుంటాను. ఆయన మెచ్చింది లేదు, ఏమీ లేదు. షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. "తీసుకపోతవా, తుక్కుకు ఏయాల్నా?" అని అడిగాడు. తీసుకుపోయాను.

గనిలో ముప్పై ఏళ్లు నేను డంపర్ల టైర్ల షెడ్డులో పనిచేశాను. మనిషి కంటే ఎత్తైన టైర్లు. వాటిని విప్పడం, బిగించడం, గాలి కొట్టడం నా పని. అందువల్ల జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లోనూ టైరు గురించి నా మాటకు ఎదురులేదని నేనే ఒక మాట పుట్టించాను. ఆ మాటే నన్ను ముంచింది. నన్ను ముంచడానికి ముందు మా బామ్మర్దిని ముంచింది.

బామ్మర్ది అంటే మా ఇంటామె తమ్ముడు. నర్మెట్ట దగ్గర వ్యవసాయం. వాడికీ నాకూ మొదటి నుంచీ పడదు. నేను పెద్ద కబుర్లు చెబుతానని వాడికి కోపం, వాడు వాటిని నమ్మడని నాకు కోపం.

మొన్న ఎండాకాలం, యాసంగి కోతలప్పుడు, మధ్యాహ్నం పూట వాళ్లింటికి వెళుతున్నాం. పక్కన మా ఇంటామె. అప్పుడే పడీ పడనట్టు ఒక చిన్న జల్లు పడి ఆగింది. మా దిక్కు వడ్లు ఆరబెట్టుకోవడానికి తారురోడ్డును మించిన జాగా లేదు. సగం రోడ్డు వడ్లకు, సగం రోడ్డు బండ్లకు, మధ్యలో రాళ్ల వరుస. ఎవరూ కాగితం మీద రాసుకోని ఒప్పందం ఇది, అందరూ పాటిస్తారు. వాళ్ల ఊరి ముందున్న మలుపులో ఆ రోజు ఆరబోసినవి మా బామ్మర్ది వడ్లే.

మలుపులో బ్రేకు తొక్కాను. కారు నా మాట వినలేదు. పక్కకు తిరిగింది, అడ్డంగా పోయింది, రాళ్ల వరుస ఎక్కింది, వడ్లలోకి దూరింది, కుప్పను తోసుకుంటూ పోయి కాలువ అంచున ఆగింది. వడ్లు కాలువలో పడ్డాయి. మా ఇంటామె నుదురు ముందున్న అద్దానికి తగిలి బొప్పి కట్టింది.

బామ్మర్ది పరుగెత్తుకొచ్చాడు. ముందు అక్కను దింపి చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కండ్లు కనబడుతలేవా బావ? పొద్దటిసంది ఎండబోసిన వడ్లు కాల్వల కలిపినవు గద!"

"రోడ్డేమన్న నీ జాగీరా? వడ్ల మీద ఎక్కితె ఏ బండైనా జారుతది."

"నీ బండికి సగం రోడ్డు ఇడిచిపెట్టిన. నా వడ్ల మీదికి ఎందుకొచ్చింది?"

అక్కడ కాళ్లతో వడ్లు తిరగేసి నేర్పుతున్న నలుగురు పెద్దమనుషులు చుట్టూ చేరారు. వాళ్లకు నేను బొగ్గు గని టైర్ల మనిషినని తెలుసు. తెలియకపోతే తెలిసేలా చెప్పేవాణ్నే.

"ముప్పై ఏండ్లు టైర్లతోని బతికినోణ్ని," అన్నాను. "వంగి చూడుండ్రి. ఒక్క గాడి అరిగిందా? నలభై మీద మెల్లగ వస్తున్న. గింజలు రోడ్డు నడిమిదాక వచ్చినయ్. గింజ మీద టైరు పడంగనే బండి నా చేతిల లేకుంట పోయింది."

నలుగురూ వంగి చూశారు. ఒకాయన గాడిలో వేలు పెట్టి చూశాడు, వేలు సగం మునిగింది. తల ఊపాడు. "టైర్లయితె కొత్తయే ఉన్నయ్," అని బామ్మర్దితో అన్నాడు. "తప్పైందను. ఒడిసిపోతది."

వాడు ఒకసారి కాలువ వైపు చూశాడు. కొడుకు, కోడలు అక్కడే ఉన్నారు. వాళ్ల ముందు, "తప్పైంది బావ," అన్నాడు.

ఆ రెండు మాటలనూ నేను జనగామలో ఎన్ని టీ దుకాణాల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ వాడి తల ఇంకో జానెడు కిందికి వంగేది. చివరికి వచ్చేసరికి వాడు నా కాళ్లు పట్టుకున్నాడు కూడా. వాడు పట్టుకోలేదు. నా నోరు పట్టించింది. ఆ కథ లింగాల ఘనపూర్ మీదుగా చుట్టు తిరిగి వాడి చెవిన పడింది.

ఇంకోటి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తిరిగొస్తుంటే మా ఇంటామె నుదుటి మీద తడిగుడ్డ ఒత్తుకుంటూ అంది:

"వడ్ల కాడికి రాకముందే జారింది."

"నీకేం తెలుసు?"

"నా కండ్ల ముందటనే గద. రాళ్లకు ఇంక పది గజాలుండంగనే బండి అడ్డం తిరిగింది."

"నోరు ముయ్యి," అన్నాను.

మూసుకుంది. ఇంటికి వచ్చి దిగాక మాత్రం ఒక మాట అంది: "ఇంక గీ బండిల కూసుండ." ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నేనెత్తితే లేచి వంటింట్లోకి పోయేది.

రాఖీ పున్నమి దగ్గరపడింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె తమ్ముడికి రాఖీ కట్టని ఏడాది లేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న ఏడు కూడా బస్సులో నిలబడి పోయి కట్టి వచ్చింది. ఈసారి తమ్ముడు కబురు పెట్టాడు: "అక్క రావాలె. బావ రావొద్దు."

నాకు మండింది. "పోతె నా కార్ల, నా పక్కన కూసుండి పోవాలె. ఆటోల పోయేదుంటె పోనే పోవద్దు," అని హుకుం జారీ చేశాను. పరువు కోసం అన్నానని చెప్పాను. ఏం పరువు! రెండు వందల నలభై మీద పోయే కారు పెట్టుకుని పెళ్లాం ఆటోలో పోతుంటే టీ దుకాణంలో నన్నేమంటారు? అదీ నా బాధ.

ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే చెప్పింది. "టైర్లు మార్చు. కూసుంట."

"కొత్త టైర్లను మార్చుమంటవేందే? నాకు చెప్తవా టైర్ల గురించి?"

"మార్చకు. ఈ ఏడు నా తమ్ముని చెయ్యి ఉత్తగనే ఉంటది. గది నీ పుణ్యమే."

పండుగకు ఇంకా పది రోజులుంది. రెండు రోజులు అరిచాను. మూడో రోజు కారు తీశాను.

హైదరాబాదు పొమ్మని అందరూ చెప్పారు. అక్కడి టైర్ల దుకాణాలవాళ్లకు టైరంటే ఏమిటో తెలియదని కొట్టిపారేశాను. ఆ పైవంతెనలెక్కి పక్కనుంచి బస్సులు రాసుకుంటూ పోతుంటే నాకు కాళ్లు వణుకుతాయని చెప్పలేదు. భూపాలపల్లికి పోయాను. మా షెడ్డులో నాతో పనిచేసినవాడు ఒకడు ఇంకా డ్యూటీలో ఉన్నాడు. గేటు బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగాడు, టైరును కాలితో తన్నాడు, గాడిలో బొటనవేలు దించాడు.

"వీటిని మారుస్తవారా? పిచ్చి లేసిందా?"

"మీ చెల్లె మొండికేసింది."

"చెల్లెకు దడుసుకొని కొత్త టైర్లు మార్చెటోణ్ని నిన్నే చూస్తున్న. ముప్పై ఏండ్లు నాతోని పనిచేసినవని ఎవ్వలకు చెప్పకు, ఇజ్జత్ పోతది."

ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇద్దరిలో ఎవరికీ ఎందుకు అనుమానం రాలేదో ఇప్పుడు చెప్పగలను. గనిలో టైరు ముసలిదై చావదు. రాయి కోసి చస్తుంది, బరువుకు పగిలి చస్తుంది, ఏడాది నిండకుండా గాడులన్నీ అరిగి గుండై చస్తుంది. వయసు మీదపడి పోయిన టైరును ముప్పై ఏళ్లలో మేం ఒక్కదాన్ని కూడా చూడలేదు. అరగని టైరంటే మాకు కొత్త టైరే.

"గీ సన్న టైర్లు మా దగ్గర యాడివి? మానుకోటకు పో," అన్నాడు వాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. "ఆడ ఒకామె దుకాణం ఉన్నది. యాడాడి టైర్లో తెప్పిస్తది. కని జర ఉషారు, ఆమె నోరు మంచిది గాదు."

ఆమె నోరు నిజంగానే మంచిది కాదు. యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడు మెడలో వేలాడుతోంది. ట్రాక్టరు టైర్ల దొంతర మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది.

"ఏం గావాలె బాపు?"

"రేసు టైర్లు."

"రేసు యాడ?"

"యాడైతేంది? రెండు వందల నలభై పోతది గీ బండి."

ఆమె లేచి వచ్చి, కిటికీలోంచి తల దూర్చి మీటరు చూసింది. "ఇరవై ఏండ్లల్ల నడిచిందే ముప్పై రెండు వేలు. తోలినవా బాపు, నెత్తిన పెట్టుకొని తిరిగినవా?"

గోడకు అంటించిన బొమ్మల్లో నాకు నచ్చినదాన్ని చూపించాను. దాదాపు గాడులే లేని టైరు. నున్నగా, నల్లగా, చూస్తేనే భయమేసేలా ఉంది. బామ్మర్ది గుమ్మం ముందు ఆ టైర్లతో దిగాలని నా ఉద్దేశం.

"గది ఎండల మస్తు పట్టుకుంటది," అంది. "వాన పడితె గా టైరు కింది నీళ్లు పోయేతందుకు తొవ్వ లేదు. నీళ్ల మీద తేలుతది. నువ్వు ఇంటికి పోయేసరికే వాన పడుతది."

"అయితె గది?" గట్టి రబ్బరుది, మందంగా ఉన్నదాన్ని చూపించాను. గని అలవాటు.

"గది లక్ష కిలోమీటర్లు అరగదు. నువ్వు లక్ష కిలోమీటర్లు ఉంటవా?"

ఈ వయసులో ఇన్ని మాటలు పడాల్సిన ఖర్మ ఏమిటని అక్కడి నుంచి వెళ్లిపోదామనుకున్నాను. ఆమె అప్పటికే మూడో టైరు బొమ్మ మీద వేలు పెట్టింది. "గిది మెత్తటి రబ్బరు. నీళ్లు పోయేతందుకు నాలుగు వెడల్పు గాడులున్నయ్. జల్ది అరుగుతది. అరగనియ్యి. తడిల గూడ రోడ్డును ఇడువది. నీకు గావాల్సింది ఉరుకుడు గాదు బాపు, ఆగుడు."

"ఉన్నయి గూడ మంచియే. మా ఇంటామె భయానికి మారుస్తున్న, అంతే," అన్నాను.

ఆమె ముందు టైరు దగ్గర కూర్చుని, గుడ్డతో దాని పక్కభాగం తుడిచి, కళ్లజోడు పెట్టుకుంది. "గీ నాలుగంకెలు చదువు."

చదివాను.

"ముందటి రెండు ఎన్నో వారమో చెప్తయ్, ఎనుకటి రెండు ఏ సంవత్సరమో చెప్తయ్. గీ టైరు పుట్టి పదమూడేండ్లయింది." దుకాణంలోని కొత్త టైరు మీద గోరు గుచ్చింది, గుర్తు పడింది. నా టైరు మీద గుచ్చింది, ఏమీ పడలేదు. గాడిని రెండు బొటనవేళ్లతో విడదీసి చూపించింది. లోపల అంతా మడమ పగుళ్లలా సన్నని పగుళ్లు. "పానం పోయింది దీనికి. ఎండల నడుస్తది. జర తడి తగిలితె చాలు, జారుతది. గీటి మీద ఎన్నడన్న జారినవా?"

"లేదు," అన్నాను.

ఆ అబద్ధం ఎంత తొందరగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది. దాని వెంటే కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు టైర్ల షెడ్డులో పనిచేశానని, నాకు పాఠాలు చెప్పొద్దని అరిచాను.

"గా ముప్పై ఏండ్లల్ల ఎన్ని టైర్ల మీద గీ అంకెలు చదివినవ్?"

ఒక్కదాని మీద కూడా చదవలేదు. ఆమె చెప్పిన టైర్లనే తెప్పించమన్నాను. నాలుగు రోజులకు వచ్చాయంటే మళ్లీ మానుకోటకు పోయాను. బిగించాక పాత టైర్లను పక్కకు దొర్లిస్తుంటే, "నాలుగూ నాకే ఇయ్యి," అన్నాను.

"ఏం జేసుకుంటవ్?"

"పూల చెట్లు పెడుత."

మా ఇంట్లో పూల చెట్లు లేవు. ఆ నాలుగంకెలు ఇంకెవరి కంటా పడకూడదు, అదే నా ఆలోచన. డిక్కీలో ఒకటి పట్టింది, వెనక సీట్లో రెండు కుక్కాను. నాలుగోదాన్ని మా ఇంటామె సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. పాలకుర్తి దగ్గర వాన అందుకుంది. ముందు ఆటో ఒకటి ఉన్నట్టుండి ఆగింది, బ్రేకు తొక్కాను. కారు ఉన్నచోట ఉన్నట్టే నిలిచిపోయింది. పక్క సీట్లోని ముసలి టైరు మాత్రం ముందుకు ఊగి నా మోచేతికి తగిలింది.

ఇంటికి తెచ్చి వెనక గోడకు పేర్చి టార్పాలిన్ కప్పాను. మా ఇంటామె చూసింది.

పండుగ రోజు పొద్దున్నే ముసురు. ఆమె కొత్త చీర కట్టుకుని, రాఖీ, మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని, మాట ప్రకారం కారులో కూర్చుంది. తలుపు పిడి వదల్లేదు. నర్మెట్ట దాటి ఆ మలుపు దగ్గరికి రాగానే, "బ్రేకు తొక్కు," అంది.

"ఎందుకు?"

"తొక్కుమన్న గద!"

తొక్కాను. కారు ఆగింది. అడ్డం తిరగలేదు, పక్కకు పోలేదు. అద్దం మీద వాన గీతలు కారుతున్నాయి. రోడ్డు మీద ఒక్క వడ్లగింజ లేదు, అది ఆరబోసే కాలమే కాదు. ఆమె ముందుకు చూస్తూ అంది:

"ఆ నాడు చినుకులే. ఇయ్యాల వాన. ఆగింది."

అంతే. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండేవాణ్ని.

బామ్మర్ది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్కను లోపలికి పిలిచాడు. నన్ను పిలవలేదు. నేను అరుగు మీద, చూరు నీళ్లు పడేచోట నిలబడ్డాను. ఆమె పీట వేసింది, బొట్టు పెట్టింది, రాఖీ తీసింది. వాడు చెయ్యి చాచాడు. దారం చేతిలో పట్టుకుని ఆమె ఆగిపోయింది.

"కట్టక్కా. ఏమాయె?"

ఆమె గుమ్మం వైపు, నా వైపు చూసింది. దారం ఆమె వేళ్ల మధ్య అలాగే ఉంది. నేను చెప్పకపోతే ఆమె కట్టదు. కట్టకుండా ఆ ఇంటి నుంచి వస్తే, మళ్లీ ఆ ఇంటికి ఏ ముఖంతో పోతుంది?

"వడ్లు గాదు," అన్నాను. "ఆ నాడు జారింది నా టైర్లు. పదమూడేండ్లవి. నేను సూసుకోలే. వడ్ల కాడికి రాకముందే జారింది. మీ అక్క చెప్పింది, నేను నోరు ముయ్యుమన్న."

వాడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "నాకెందుకు చెప్తవ్? నాతోని నలుగుట్ల అనిపిచ్చినవ్. నలుగుట్ల చెప్పు. గీడ గాదు, గా మలుపు కాడ."

"వాన పడుతున్నది."

"పడనియ్యి. నీ టైర్లు కొత్తయే గద."

ఆ నలుగురినీ వాడే పిలుచుకొచ్చాడు. ముగ్గురు గొడుగులతో వచ్చారు, ఒకాయన గోనెసంచి కప్పుకుని వచ్చాడు. వానలో నిలబడి అంతా మళ్లీ చెప్పాను. వేలు పెట్టి చూసిన పెద్దాయన, "మరి నలభై మీద వచ్చిన్నంటివి?" అని అడిగాడు.

"డెబ్బై," అన్నాను.

"తప్పైందను," అన్నాడు ఆయన.

"తప్పైంది," అన్నాను.

"కాళ్లు గూడ పట్టుకున్ననని చెప్పుకున్నవట," అన్నాడు బామ్మర్ది. ఒక అడుగు ముందుకు వేసి కాళ్లు చూపించాడు. నలుగురూ నవ్వారు. నేను పట్టుకోలేదు. వాడు కూడా పట్టుకొమ్మని అనలేదు. చూపించి ఊరుకున్నాడు, అది ఇంకా ఎక్కువ కాలింది. తర్వాత అడిగాడు: "పాత టైర్లు యాడున్నయ్?"

"ఇంటి ఎనుక."

"నాలుగూ తెచ్చియ్యి. కాల్వల పోయిన వడ్లకు బదులు."

ఆ తర్వాతే చెయ్యి చాచాడు, ఆమె కట్టింది. అందరికీ భోజనాలు పెట్టారు. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె నా పక్కనే కూర్చుంది, తలుపు పిడి మాత్రం వదల్లేదు. దారి పొడవునా ఒకే మాట అంది: "పది గజాలని చెప్పిన గద."

వానాకాలం పంట కోతలు వచ్చాయి. ఆ మలుపులో మళ్లీ వడ్లు ఆరబోశారు. ఈసారి రాళ్లకు బదులు నాలుగు టైర్లు నిలబెట్టాడు బామ్మర్ది. సున్నం కొట్టించాడు. ఆ నాలుగంకెల చుట్టూ మాత్రం సున్నం తగలనివ్వకుండా ఎర్ర రంగుతో గుండ్రంగా గీసి ఉంచాడు. దారిన పోయేవాళ్లు ఆగి ఇవేమిటని అడుగుతారు. వాడు చెబుతాడు. రోజంతా వడ్లు నేర్పుతూ చెబుతూనే ఉంటాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు.

మొన్న జనగామ టీ దుకాణంలో ఎవరో ఒకతను నన్ను గుర్తుపట్టాడు. "తాతా, నూట యాభై మీద పోయి వడ్లల్ల గుద్దినవట గద?" అన్నాడు.

నేను చెప్పుకోవాల్సిన అబద్ధాన్ని నాకంటే ముందే వాడు చెప్పేస్తున్నాడన్నమాట. నోటిదాకా వచ్చిన నూట అరవైని మింగి, "డెబ్బై," అన్నాను.

దుకాణంలో ఒక్కడూ నమ్మలేదు.